బండి కిర్రుమంటే మనకెందుకు అనుకోకండి

"కారు సంగతి మావారు చూసుకుంటారులెండి!" ఈ మాట మనలో ఎంతమంది నోట వినడంలేదూ? కారు నడపడం చక్కగా వచ్చినవాళ్లు కూడా అదే అంటారు. మలుపు తిప్పినప్పుడల్లా ముందు చక్రం దగ్గర కిర్రుమంటున్నా, పాట సౌండు కాస్త పెంచి పోనిచ్చేస్తారు. మిక్సీ చప్పుడు మారితే జారు కింద బుష్ అరిగిందని పక్కగదిలోంచే చెప్పగల ఇల్లాలు, కుట్టుమిషను బరువుగా తిరుగుతుంటే నూనె వెయ్యాలని గ్రహించే ఇల్లాలు, కారు దగ్గరకొచ్చేసరికి చెవులు మూసుకోవడం ఎందుకు?

మా పొందూరులో అయితే ఈ మాటకి అసలు చోటే ఉండకూడదు. సన్నఖద్దరుకి పేరుపడ్డ ఊరు ఇది. వాలుగ చేప దవడ పళ్లతో పత్తిని దువ్వి, ఏకులు చేసి, రాట్నం మీద నూలు తీసేది ఆడవాళ్లే. రాట్నం తిరిగే తీరులో తేడా వస్తే నూలు తెగుతుంది, పని ఆగుతుంది. అందుకే చప్పుడు కదురు దగ్గరా, చక్రం ఇరుసు దగ్గరా అని చెవి పెట్టి చూసుకోవడం వాళ్లకి అలవాటు. యంత్రం మాట వినడం మగవాళ్ల విద్య అని ఎవరన్నారో గానీ, ఈ ఊరి అవ్వల్ని చూసి మాత్రం అని ఉండరు.

మా వీధిలో ఒక టీచరమ్మ ఉన్నారు. రోజూ కారులోనే బడికి వెళ్తారు. కొన్నాళ్ల క్రితం షెడ్డుకి వెళ్లి "ఏదో శబ్దం వస్తోంది బాబూ" అంటే, "సారుని ఓసారి పంపించండమ్మా, ఆయనతో మాటాడతాను" అన్నాడట మెకానిక్కు. ఆవిడ ఊరుకోలేదు. రెండు రోజులు చెవి పెట్టి విని, మళ్లీ వెళ్లారు. "ఎడమకి తిప్పితేనే కిర్రుమంటోంది. నెమ్మదిగా పోతున్నప్పుడే. స్పీడు బ్రేకరు దిగినా వస్తోంది. కింద చక్రం పక్కనుంచే" అన్నారు. ఈసారి అతను మారుమాటాడకుండా బండి ఎత్తాడు. బాల్ జాయింటు మీది రబ్బరు తొడుగు చిరిగి, లోపలి గ్రీజు పోయి, మట్టీ నీళ్లూ చేరి ఉన్నాయి. శబ్దం ఎప్పుడు, ఎక్కడ అని చెప్పగలిగితే సగం రిపేరు అయినట్టే.

అదేమీ బ్రహ్మవిద్య కాదు. సమంగా ఉన్న చోట బండి ఆపి, హ్యాండు బ్రేకు వేసి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, ఇంజను నడుస్తుండగా స్టీరింగుని మెల్లగా రెండు వైపులా తిప్పండి. శబ్దం మీ చేతుల దగ్గరే వస్తే, స్టీరింగు వెనక ప్లాస్టిక్కో రబ్బరో ఒరుసుకుంటూ ఉండవచ్చు. బానెట్ లోంచి కీచుమంటే, హైడ్రాలిక్ పవర్ స్టీరింగ్ ఉన్న బళ్లలో బెల్టు వదులైందో అరిగిందో చూడాలి. మూలిగినట్టుంటే నూనె తగ్గిందేమో, ఎక్కడైనా కారుతోందేమో చూడాలి. ఇప్పటి చిన్న కార్లు చాలావాటికి ఎలక్ట్రిక్ స్టీరింగే కనుక ఆ నూనె గొడవ ఉండదు. చక్రం పైభాగంలో స్ప్రింగు ఎగిరినట్టు చప్పుడైతే అక్కడి బేరింగు మీద అనుమానపడాలి. బండి కదులుతున్నప్పుడు, గతుకుల్లో కూడా కిర్రుమంటే బాల్ జాయింటు, టై రాడ్ ఎండు, లోయరు ఆర్ము బుష్షులు చూపించాలి. మలుపులో టకటకమంటే అది యాక్సిల్ జాయింటు పని. నున్నటి సిమెంటు గచ్చు మీద టైర్లు కీచుమంటే మాత్రం కంగారు పడక్కర్లేదు, గాలి సరిగా ఉందో లేదో చూసుకుంటే చాలు.

వీటిలో బాల్ జాయింటుని, టై రాడ్ ఎండుని రేపుమాపని వాయిదా వెయ్యకూడదు. బాగా అరిగిపోయి ఊడాయంటే చక్రం మన చెప్పుచేతల్లో ఉండదు. చిలకపాలెం దగ్గర హైవే ఎక్కి, లారీల మధ్య పిల్లల్తో వెళ్తున్నప్పుడు అలా జరిగితే? తలుచుకోడానికే భయం.

అలాగని వంటింటి నూనె తీసుకెళ్లి పోసేయకండి! నూనె, కిరోసిను రబ్బరుని పాడుచేస్తాయి. బెల్టు మీద పడితే అది జారుతుంది, బ్రేకు మీద పడితే ప్రాణానికే ముప్పు. జాకీ మీద నిలబెట్టిన బండి కిందికి దూరనే కూడదు. మన పని వినడం, చెప్పడం, అడగడం. విప్పడం, బిగించడం మెకానిక్కుది. మార్చిన పాత సామాను చూపించమని అడగండి. టై రాడ్ ఎండు మారిస్తే వీల్ అలైన్‌మెంటు చేయించండి. డబ్బిచ్చే ముందు మెకానిక్కుని పక్కన కూర్చోబెట్టుకుని, కిర్రుమన్న మలుపు లాంటిదే ఒకటి తిప్పి చూడండి.

"ఇంటిచాకిరీ చాలక ఇది కూడా మా నెత్తినేనా?" అంటారేమో. న్యాయమైన ప్రశ్నే. కానీ ఇది ఇంకొకరి కోసం చేసే చాకిరీ కాదే! స్టీరింగు పట్టుకున్నది మీరైతే, అది చెయ్యి జారితే దెబ్బ తగిలేదీ మీకే. మగవాళ్లకీ ఒక మాట. బండి నడపడానికి పనికొచ్చిన భార్య షెడ్డుకి వెళ్లడానికి పనికిరాదా? ఆవిడ్నే వెళ్లనివ్వండి. షెడ్డువాళ్లు కూడా జవాబు సారుకి కాక, బండి నడిపేవారికి చెప్పడం నేర్చుకోవాలి.

ఈ ఆదివారం ఒక్క పది నిమిషాలు కేటాయించండి. రేడియో కట్టేసి, అద్దం దించి, మన వీధిలోనే నెమ్మదిగా అటూ ఇటూ తిప్పండి. కిర్రుమంటే ఏ వైపు, ఎప్పుడు, ఎక్కడ అన్నది పాల లెక్క రాసే క్యాలెండరు మీదే రాసి పెట్టుకోండి. సోమవారం ఆ కాగితంతో మీరే షెడ్డుకి వెళ్లండి.