సూది చెప్పు సాక్ష్యము

రొమ్ములో గడ్డ కనబడిన స్త్రీకి వైద్యుడు సూది పరీక్ష చేయించుమని చెప్పినంతనే మన ఇండ్లలో మొదట వినవచ్చు మాట, "సూది గుచ్చితే గడ్డ చెదరి ఒళ్లంతా పాకుతుంది" అనునది. సూది నడచిన త్రోవలో కొన్ని కణములు స్థానము తప్పుట కద్దు గాని, అందువలన రోగి ఆయువు తరుగునని నిరూపణ కాలేదు. ఈ భయముతో జరిగెడి ఆలస్యము వలన తరుగుట మాత్రము నిజము.

సూది చేసిన ఉపకారము తెలియవలెనన్న పూర్వస్థితిని స్మరింపవలెను. 1970 దశకము వరకును అమెరికాలో, మత్తులోనున్న స్త్రీ గడ్డను కోసి, అప్పటికప్పుడు మంచువలె ఘనీభవింపజేసి పరీక్షించి, క్యాన్సరని తేలినచో ఆ మత్తులోనే స్తనమును తొలగించుట పరిపాటి. తన దేహమున ఏమి మిగిలినదో ఆమె మేలుకొని తడవి చూచుకొనవలసినదే. తానే రోగియైన పాత్రికేయురాలు రోజ్ కుష్నర్ దీనిని ఎదిరించెను. 1979లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల సదస్సు నిర్ధారణను చికిత్సనుండి వేరుచేయు మార్గమునే సమర్థించినది.

కోతకు ముందే నిర్ధారణ చేయు ఆ మార్గమునకు నేడు సాధనము సూదియే; అయితే సూదులన్నియు ఒకటి కావు. 1930లోనే న్యూయార్కులో మార్టిన్, ఎల్లిస్ ప్రకటించిన పీల్చెడి పద్ధతినుండి పెరిగిన ఎఫ్.ఎన్.ఎ.సి. (సన్నని సూదితో కణములను పీల్చి చూచు పరీక్ష) చౌక, శీఘ్రము, కాని విడివిడి కణములను మాత్రమే తెచ్చుటచే, క్యాన్సర్ పాలనాళములోనే అణగియున్నదో, గోడ దాటినదో చెప్పజాలదు. కోర్ బయాప్సీ సన్నని కండముక్కను తెచ్చుటచే దానిని చెప్పుటయేగాక, చికిత్సను నిర్ణయించుటకు వలసిన హార్మోను, హెర్2 పరీక్షలకును ఆధారమగును. 2010లో వెలువడిన ఒక సమీక్ష ప్రకారము, చేతి అంచనాతో చేసిన కోర్ బయాప్సీ నూరు క్యాన్సర్లలో సుమారు 86 పట్టుకొనగా, అల్ట్రాసౌండులో చూచుచు చేసినది సుమారు 98 పట్టుకొన్నది. సూది మారలేదు, దానిని నడపిన చూపు మారినది.

కావున "క్యాన్సర్ లేదు" అను కాగితము చేతికందినంతనే వ్యవహారము ముగిసినదనుకొనుట, సూదికి భయపడుటకంటె తక్కువ ప్రమాదము కాదు. వైద్యుని స్పర్శ, మామోగ్రామ్ లేక అల్ట్రాసౌండ్ చిత్రము, పెథాలజిస్టు సూక్ష్మదర్శిని అను ముగ్గురు సాక్షులు ఏకవాక్యముగా పలికినప్పుడే తీర్పు నిలుచును. చిత్రము గట్టిగా శంకించినదానిని సూది నిర్దోషియన్నచో, గురి తప్పినదేమోయని మరల పరీక్షింపవలెను. సూది తెచ్చిన ముక్క ల్యాబుకు సరిగా చేరుటయు అంతే ముఖ్యము: మన పట్టణములలో తరచు బంధువులే సీసా పట్టుకొని ల్యాబుకు పరుగెత్తుదురు, అందు ముక్కను చెడకుండ కాపాడు ఫార్మలిన్ తగినంత లేనిచో, లేదా ముక్క అందులో ఆరు గంటలైనను నానకున్నచో, హార్మోను పరీక్షలే మోసపోవచ్చును.

ఆసుపత్రులను నేను కోరునది పెద్ద యంత్రము కాదు, ఒక్క వాక్యము: ఈ ఫలితము చిత్రముతో కలియుచున్నదా, లేదా అని నివేదిక అడుగున వ్రాసి, వైద్యుడు సంతకము చేసి ఇయ్యవలెను. ఆ వాక్యము లేని కాగితము పట్టుకొని ఇంటికి బయలుదేరిన స్త్రీ, గుమ్మము దాటకముందే వెనుదిరిగి దానిని అడుగవలెను.