నొప్పి లేదని ఊరుకోవద్దు

ఒంటిమీద సెగగడ్డ లేస్తే ఆ రాత్రి నిద్ర ఉండదు. తెల్లవారగానే సున్నం, బెల్లం కలిపి పట్టు వేస్తారు. తగ్గకపోతే ఆర్.ఎం.పి. దగ్గరకు పరుగెత్తుతారు. అదే చర్మం కింద గోలీకాయంత గడ్డ చేతికి తగిలినా, నొప్పి లేకపోతే ఏళ్ల తరబడి పట్టించుకోరు. "నొప్పి లేదు కదా, అదే పోతుంది" అన్నది పల్లెల్లో స్థిరపడిన మాట. ఈ మాట సగం నిజం. మిగతా సగమే ప్రాణాలమీదకు తెస్తున్నది.

ఇలాంటి గడ్డల్లో ఎక్కువ భాగం హాని చేయనివే. భుజాన, వీపున, తొడమీద మెత్తగా ఉండి, వేలితో నొక్కితే పక్కకు జారేవి కొవ్వు గడ్డలు. కొన్ని కుటుంబాల్లో తండ్రికీ కొడుకుకూ కూడా ఒంటినిండా వస్తాయి. ఇవి అంటుకోవు. కాన్సర్‌గా మారడం బహు అరుదు. బరువు మోసేచోట ఒరుసుకుంటుంటే తీయించుకోవచ్చు, లేకుంటే వదిలేయవచ్చు. పూతమందులతో మాత్రం కరగవు. కరిగిస్తామని సంతల్లో సీసాలు అమ్మేవారికి డబ్బు పోయడం దండగ. జిల్లేడు పాలు పూస్తే గడ్డ పోదు సరిగదా, చర్మం పుండవుతుంది.

తలమీద, మెడ వెనుక వచ్చే తిత్తి గడ్డ మరో రకం. తరచు దాని నడుమ చిన్న నల్లచుక్క కనిపిస్తుంది. బ్లేడుతో కోసి పిసికితే పోయిందనుకుంటారు. లోపలి తిత్తి మిగిలితే మళ్లీ ఊరుతుంది, చీము కూడా పట్టవచ్చు. షుగరు ఉన్నవారు ఈ సాహసం అసలే చేయకూడదు.

మెడ పక్కన, చంకలో, గజ్జల్లో కట్టే బిళ్లల సంగతి వేరు. కాలికి ముల్లు గుచ్చుకుని పుండైతే గజ్జల్లో బిళ్ల కట్టడం అందరూ ఎరిగినదే. పుండు మానితే అదీ తగ్గుతుంది. ఏ కారణమూ లేకుండా మెడలో బిళ్లలు కట్టి, రెండు మూడు వారాలైనా తగ్గకపోతే క్షయను అనుమానించాలి. పెద్దలు గండమాల అన్నది చాలావరకు ఇదే. ఇందులో దగ్గు లేకపోవచ్చు. గడ్డలో సన్నని సూది గుచ్చి తీసినదాన్ని పరీక్షిస్తే చాలావరకు తెలిసిపోతుంది. ప్రభుత్వ ఆస్పత్రిలో మందులు ఉచితం, సాధారణంగా ఆరు నెలలు వాడాలి. రోగి పోషణకు నెలకు ఇచ్చే 500 రూపాయలను 2024 నవంబరు నుంచి 1,000 చేశారు కూడా.

అన్నిటికంటే విచారకరం ఆడవారి సంగతి. రొమ్ములో కాన్సర్ గడ్డ మొదట్లో చాలామందికి నొప్పి పెట్టదు. నొప్పి లేదన్న ధైర్యం ఒకవైపు, ఎవరికి చూపించాలన్న సిగ్గు మరోవైపు. అత్తకు చెప్పరు, భర్తకు చెప్పరు. చర్మం సొట్టపడి, చనుమొన లోపలికి పోయి, పుండు పడ్డాక పట్నం బయలుదేరుతారు. తొలిదశలో వస్తే నయమయ్యే అవకాశం ఎక్కువగా ఉన్న జబ్బు ఇది. రొమ్ములో గడ్డలన్నీ కాన్సర్ కావు. చిన్న వయసువారిలో చాలావరకు కావు. అయితే ఏది ఏదన్నది ఇంట్లో తేల్చుకునే పని కాదు. మగవారికి వృషణంలో గడ్డ తగిలినా ఇదే మాట. శరీరంలో ఎక్కడైనా సరే గట్టిగా, కదలకుండా ఉన్నదీ, నెలల్లోనే పెరుగుతున్నదీ, నిమ్మకాయను మించినదీ డాక్టరు చూడవలసిందే.

30 ఏళ్లు దాటిన స్త్రీలకు రొమ్ము పరీక్ష చేయాలని కేంద్ర ప్రభుత్వ కార్యక్రమంలోనే ఉన్నది. కాగితాలు నింపి సరిపెట్టకుండా, తలుపు వేసుకోగల గదిలో ఆ పరీక్ష జరిగేలా చూడవలసింది అధికారులు. నెలకొక రోజు సర్జను, లేడీ డాక్టరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి రావాలి. సూది పరీక్ష నమూనా అక్కడే తీసి పట్నానికి పంపితే, పేదలకు బస్సు ఛార్జీలూ రెండు రోజుల కూలీ మిగులుతాయి. కోతలు మొదలైతే కూలికి వెళ్లే ఆడవారు ఎవరూ ఆస్పత్రి గడప తొక్కరు. ఆ రోజేదో కోతలకు ముందే ప్రకటించి, ఊరూరా టముకు వేయించాలి.