చలవకు గడువు రెండు రోజులే

మూత్రంలో మంట అనగానే మన ఇళ్లలో వినిపించే మొదటి మాట ‘వేడి చేసింది’. వెంటనే చలవ మొదలవుతుంది. ధనియాల నీళ్లు, సబ్జా గింజలు, బార్లీ, పల్చటి మజ్జిగ, కొబ్బరి బొండం... పాతబస్తీలో ఉప్పుగూడ, ఛత్రినాక, అలియాబాద్ వైపు వెళ్తే యునానీ వారి షర్బతే బజూరి కూడా ఈ వరుసలో చేరుతుంది. ఏ ఇల్లయినా చలవ మీద నమ్మకం మాత్రం ఒక్కటే. ఆ నమ్మకంలో కొంత నిజం ఉంది. ఆ నిజం ఎక్కడిదాకా అన్నది తెలియకపోతే దెబ్బతినేది కిడ్నీలు.

ముందు ‘వేడి’ సంగతి చూద్దాం. ఎండల్లో నీళ్లు సరిగా తాగకపోతే మూత్రం చిక్కబడి, ముదురు పసుపు రంగులో వస్తూ చురుక్కుమంటుంది. నాలుగు గ్లాసుల నీళ్లు పడితే సర్దుకుంటుంది. ఇది ఇన్ఫెక్షన్ కాదు. మాటిమాటికీ వెళ్లాలనిపించడం, వెళ్తే నాలుగు చుక్కలే రావడం, పొత్తికడుపులో నొప్పి, మూత్రం మబ్బుగానో ఎర్రగానో రావడం ఉంటే మాత్రం ఇన్ఫెక్షన్‌ను అనుమానించాలి. దీనికి ఎక్కువగా కారణం ఈ.కోలి అనే బ్యాక్టీరియా. మన పేగుల్లోనే ఉంటుంది. అక్కడ ఉన్నంతకాలం పేచీ లేదు, మూత్రమార్గంలోకి చేరితేనే చిక్కు. ఆడవారిలో మూత్రనాళం పొడవు సుమారు 4 సెంటీమీటర్లే కావడంతో ఈ బాధ వారికే ఎక్కువ. ఇది శరీర నిర్మాణం వల్ల వచ్చేది. సిగ్గుపడి దాచుకోవాల్సింది కాదు.

మరి చలవ పనిచేస్తుందా? అందులో అసలు పనిచేసేది నీళ్లే. తరచూ మూత్ర ఇన్ఫెక్షన్లు వచ్చే, రోజుకు లీటరున్నర కన్నా తక్కువ ద్రవాలు తాగే 140 మంది మహిళలపై జరిగిన ఒక అధ్యయనం 2018లో వెలువడింది. సగం మందిని రోజూ అదనంగా లీటరున్నర నీళ్లు తాగమన్నారు. ఏడాదిలో వారికి ఇన్ఫెక్షన్ సగటున 1.7 సార్లు వస్తే, మామూలుగా ఉన్నవారికి 3.2 సార్లు వచ్చింది. అయితే ఇది రాకుండా చూసుకోవడానికి సంబంధించిన లెక్క. వచ్చిన ఇన్ఫెక్షన్‌ను నీళ్లు నయం చేస్తాయని కాదు. ఖరీదు పెట్టి కొంటున్న క్రాన్‌బెర్రీ సంగతీ అంతే. తరచూ వచ్చేవారిలో మళ్లీ రాకుండా కొంత సాయపడుతుంది, వచ్చాక మందు కాదు.

‘మాకు ధనియాల నీళ్లతోనే తగ్గింది’ అనేవారూ అబద్ధం చెప్పడం లేదు. జర్మనీలో 494 మంది మహిళలపై చేసిన పరిశోధన 2015లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. కొందరికి యాంటీబయాటిక్, మిగతావారికి నొప్పి మాత్ర మాత్రమే ఇచ్చారు. నొప్పి మాత్ర వాడిన వారిలో దాదాపు మూడింట రెండొంతుల మందికి యాంటీబయాటిక్ అవసరం లేకుండానే తగ్గింది. అంటే, ఆరోగ్యంగా ఉన్న మహిళల్లో మూత్రాశయ ఇన్ఫెక్షన్ చాలాసార్లు తనంతట తానే తగ్గుతుంది. ఆ సమయంలో ఏది తాగితే దానికి పేరొస్తుంది. కానీ అదే పరిశోధనలో ఇన్ఫెక్షన్ కిడ్నీకి పాకిన వారు యాంటీబయాటిక్ వాడిన వర్గంలో ఒకరుంటే, నొప్పి మాత్ర వర్గంలో అయిదుగురు. తగ్గిన కథలు పక్కింటివారు చెబుతారు. కిడ్నీకి పాకిన కథలు మా వార్డుల్లో కనిపిస్తాయి.

కాబట్టి ఇంటి వైద్యానికి ఒక గడువు, ఒక హద్దు పెట్టుకోండి. గర్భం లేని, షుగర్ లాంటి జబ్బులు లేని మహిళకు జ్వరం లేకుండా కొద్దిగా మంట మాత్రమే ఉంటే రెండు రోజులు నీళ్లు, మజ్జిగ తాగి చూడొచ్చు. ఆలోపు ఎక్కువైనా, రెండు రోజుల్లో తగ్గకపోయినా డాక్టర్ దగ్గరకు రావాలి. చలిజ్వరం, వాంతులు, నడుముకు ఒక పక్క నొప్పి, మూత్రంలో రక్తం ఉంటే రెండు గంటలు కూడా ఆగొద్దు.

కొందరికి ఈ రెండు రోజుల గడువు కూడా లేదు. గర్భిణులకు ఇన్ఫెక్షన్ కిడ్నీకి పాకే ప్రమాదం ఎక్కువ, నెలలు నిండకుండా కాన్పు అయ్యే ముప్పూ ఉంది. పసిపిల్లలు మంట అని చెప్పలేరు. కారణం తెలియని జ్వరమే లక్షణం కావచ్చు, మూత్ర పరీక్ష తప్పనిసరి. మగవారికి వస్తే ప్రొస్టేట్ వాపో, రాయో ఉందేమో చూడాలి. షుగర్ ఉన్నవారు, కిడ్నీ జబ్బు ఉన్నవారు, పెద్ద వయసు వారు కూడా ఈ జాబితాలోనే ఉన్నారు.

వీరికి చలవే చేటు చేయొచ్చు. షర్బత్‌లో ఉన్నది చక్కెర పాకం, షుగర్ రోగికి అది పనికిరాదు. కొబ్బరి నీళ్లలో పొటాషియం ఎక్కువ, కిడ్నీ జబ్బు ఉన్నవారికి గుండె లయ తప్పించగలదు. వంటసోడా కలిపిన నీళ్లలో సోడియం బీపీ ఉన్నవారికి మంచిది కాదు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మాత్రలు వాడేవారికి మర్మావయవాల దగ్గర ఫంగస్ వల్ల కూడా దురద, మంట వస్తాయి. దాని చికిత్స వేరు.

చలవ పనిచేయనప్పుడు చాలామంది వేసే తర్వాతి అడుగు ఇంకా ప్రమాదకరం. మందుల షాపుకు వెళ్లి ‘యూరిన్ మంటకు రెండు గోళీలివ్వు’ అనడం, లేదా ఇంట్లో మిగిలిన స్ట్రిప్పు వెతకడం. సెఫిక్సిమ్ లాంటి యాంటీబయాటిక్స్‌ను 2014 మార్చి 1 నుంచి హెచ్1 షెడ్యూల్‌లో చేర్చారు. డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మిన వివరాలను షాపువారు రిజిస్టర్‌లో రాయాలి. రెండు గోళీలతో మంట అణగుతుంది, బ్యాక్టీరియా పూర్తిగా చావదు. తర్వాత చేసే కల్చర్ పరీక్షలోనూ సరిగా దొరకదు. మళ్లీ వచ్చేసరికి ఆ మందుకు లొంగకుండా తయారవుతుంది. నోటి మాత్రతో పోవాల్సిన జబ్బుకు సూది మందులు, ఆస్పత్రి మంచం అవసరమవుతాయి.

అందుకే వరుస గుర్తుంచుకోండి. ముందు పరీక్ష, తర్వాతే మాత్ర. మొదట కొంత మూత్రం వదిలేసి, మధ్యలో వచ్చేది శుభ్రమైన డబ్బాలో పట్టి రెండు గంటల్లోపు ఇవ్వండి. ఖర్చు గురించి వెనకాడొద్దు. బస్తీ దవాఖానాల్లో, పట్టణ ఆరోగ్య కేంద్రాల్లో డాక్టర్ చూస్తారు, మూత్ర పరీక్షకు డబ్బు కట్టనక్కర్లేదు. పాతబస్తీ గర్భిణులకు పేట్లబుర్జు ప్రసూతి ఆస్పత్రి, పిల్లలకు నిలోఫర్, పెద్దలకు ఉస్మానియా ఉన్నాయి. డాక్టర్ రాసిన కోర్సు మంట తగ్గినా పూర్తి చేయండి.

మళ్లీ రాకుండా ఉండాలంటే మూత్రం ఆపుకోవద్దు. కడుక్కునేటప్పుడు ముందు నుంచి వెనక్కి కడుక్కోవాలి. కలయిక తర్వాత ఒకసారి మూత్రానికి వెళ్లాలి. పిల్లలకు మలబద్ధకం లేకుండా చూడాలి. ముట్లుడిగాక తరచూ వస్తుంటే ఈస్ట్రోజెన్ క్రీమ్ మేలు చేస్తుంది, డాక్టర్‌ను అడగండి.

ఉప్పుగూడ స్టేషన్‌లో రైలెక్కి పనికి వెళ్లే మహిళ పొద్దుటి నుంచి నీళ్లు తాగకపోవడానికి కారణం మరచిపోవడం కాదు, దారిలో వెళ్లడానికి శుభ్రమైన చోటు లేకపోవడం. బడిలో ఆడపిల్ల బాటిల్ నిండుగానే ఇంటికి తేవడానికీ కారణం అదే. సాయంత్రం సబ్జా నీళ్లు కలిపివ్వండి, తప్పులేదు. దాంతోపాటు ‘బడిలో బాత్రూమ్‌కు వెళ్తున్నావా’ అని ఒక్కసారి అడగండి. లేదంటే బడికి వెళ్లి మాట్లాడండి. ఆ పిల్ల కిడ్నీలకు మీరివ్వగలిగిన మంచి చలవ అది.