నిండుగా తిరిగొచ్చే బాటిల్

మృగశిర వచ్చినా పల్నాడులో ఎండ ఒక పట్టాన దిగదు. ఆ ఎండలోనే, జూన్ 12న, బళ్లు తెరుస్తారు. ఈపూరు మండలంలో నడిచో ఆటో ఎక్కో బడికి పోయే పిల్లల సంచి పక్కజేబులో నీళ్ల బాటిల్ ఉంటుంది. పొద్దున అమ్మ నింపిన ఆ బాటిల్‌ను సాయంత్రం ఒక్కసారి చేత్తో ఎత్తి చూడండి. చాలా ఇళ్లలో ముప్పాతిక నిండుగానే తిరిగొస్తుంది. ఆడపిల్లదైతే ఒక్కోరోజు మూత కూడా తీసి ఉండదు.

దాహం వేయకనా? నీళ్లు తాగితే మరుగుదొడ్డికి వెళ్లాలి. తలుపుకు గడియ ఉండదు, లేదంటే కుళాయిలో నీళ్లు రావు. పదకొండేళ్ల పిల్ల ఆ మాట ఎవరితో అంటుంది? సాయంత్రం దాకా బిగబట్టుకుంటుంది. మధ్యాహ్నానికి తలనొప్పి, కొన్నాళ్లకు మూత్రంలో మంట. మనం ఎండ తగిలిందనుకుని మజ్జిగ ఇస్తాం, దిష్టి తీస్తాం.

2019లో కేరళ బళ్లలో నీళ్లు తాగడానికే గంట కొట్టడం మొదలైంది. తరవాత మన దగ్గరా ఎండాకాలంలో 'వాటర్ బెల్' పెట్టారు. మంచి పని. గడియ లేని బడిలో మాత్రం ఆ గంట ఎన్నిసార్లు మోగినా ఆ పిల్ల తాగదు. తల్లిదండ్రుల సమావేశానికి వెళ్లినప్పుడు మార్కుల సంగతి తరవాత అడగొచ్చు, ముందు ఆ తలుపు వేసి చూసి రండి.

తాగేవి ఏ నీళ్లన్నదీ చూసుకోవాలి. వినుకొండ చుట్టుపక్కల చాలా ఊళ్ల బోరునీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే గతి లేకపోతే 1.5 దాకా. ఎనిమిదేళ్లలోపు, చిగురు కింద అసలు పళ్లు తయారయ్యే వయసులో, అంతకు మించితే పళ్ల మీద సుద్దమచ్చలు, గోధుమరంగు చారలు పడతాయి. ఎంత తోమినా పోవు. కాచి చల్లారిస్తే చాలని ఇప్పటికీ ఎంతోమంది అమ్మలు నమ్ముతున్నారు. కాస్తే క్రిములు చస్తాయి. ఫ్లోరైడ్ పోదు సరికదా, నీళ్లు ఇగిరినకొద్దీ ఇంకాస్త చిక్కబడుతుంది. అందుకని బాటిల్‌లో శుద్ధి చేసిన సాగర్ నీళ్లో, ఫ్లోరైడ్ తీసే ప్లాంటు నీళ్లో పోయండి.

బళ్లో గుడ్డు, రాగిజావ, చిక్కీ పెడుతున్నారు. తిన్నావా అని అడుగుతూనే ఉన్నాం. నిండు బాటిల్ కనిపించిన రోజు కోప్పడకుండా పక్కన కూర్చుని నీళ్లెందుకు తాగలేదో అదీ అడగండి. మొదటిరోజు 'దాహం వేయలేదు' అంటుంది. రెండోరోజూ అదే అంటుందేమో. మూడోరోజు తలుపు సంగతి చెబుతుంది.