తలుపు దగ్గర ఆగిన కాళ్లు



గత వర్షాకాలంలో ఒక శనివారం రాత్రి మాకు ఒక పల్లెనుండి ఫోను వచ్చింది. మాట్లాడినవాడు మేము ఏళ్ల తరబడి ఎరిగిన ఒక సహోదరుడు. మిరప, ప్రత్తి పండించే రైతు. “అయ్యగారూ, మా అమ్మాయి విమానంలోనుండి దూకుతానంటోంది. చదువు చెప్పించి పట్నం పంపింది ఇందుకేనా? మీరైనా నాలుగు మాటలు చెప్పండి” అన్నాడు. వెనుక ఆ తల్లి ముక్కు చీదుకుంటున్న చప్పుడు మాకు వినిపించింది.

ఆ అమ్మాయి హైదరాబాదులో మాదాపూర్ వైపు ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో నాలుగేళ్లుగా ఉద్యోగం చేస్తున్నది. ఆదివారం తప్పక ఆరాధనకు వచ్చే పిల్ల. మరునాడు ఆరాధన ముగిసిన తరువాత ఆమెను కూర్చోబెట్టి విషయం అడిగాము. తల వంచుకొని ఇలా చెప్పింది: “నాన్న ఊరికే కంగారు పడుతున్నారు అయ్యగారూ. నేను దూకేదాన్ని కానని నిన్ననే తేలిపోయింది.”

జరిగింది ఇది. ఆమె ఆఫీసులో ఎనిమిదిమంది కలసి విమానంలోనుండి పారాచూట్‌తో దూకాలని అనుకున్నారు. దీనిని స్కైడైవింగ్ అంటారు. ముందు అలవాటు కోసం గండిపేట దగ్గర ఉన్న గ్రావిటీజిప్ అనే కేంద్రానికి వెళ్లారు. అక్కడ విమానం ఉండదు. ఎత్తయిన గొట్టంవంటి గదిలో పెద్ద పెద్ద ఫ్యానులు క్రిందినుండి పైకి గాలిని తోస్తాయి. ఆ గాలిమీద మనిషి బోర్లా పడుకొని తేలుతాడు. ఒక్కొక్కరికి నిమిషం, నిమిషంన్నర అవకాశం ఇస్తారు. తక్కినవారు ఒకరి తరువాత ఒకరు చేతులు చాచి గాలిలోకి ఒరిగిపోయారు. ఈ అమ్మాయి మాత్రం తలుపు చట్రాన్ని రెండు చేతులతో పట్టుకొని నిలబడిపోయింది. కాళ్లు వణికాయి, నోరు ఎండిపోయింది. చివరకు వెనుకకు వచ్చి బల్లమీద కూర్చున్నది. ఒకరిద్దరు నవ్వారు.

“ఆఫీసు మీటింగుల్లోనూ నాది ఇదే పరిస్థితి. జవాబు తెలిసి ఉంటుంది, ఇంగ్లీషులో మాట గొంతుదాకా వచ్చి ఆగిపోతుంది. నేను ఇంతే అనుకుంటాను” అని ఆమె అన్నప్పుడు, ఇది దూకడం గురించిన సంగతి మాత్రమే కాదని మాకు తెలిసింది. మన పల్లెలనుండి ఎందరో బిడ్డలు ఆ హైటెక్ సిటీ అద్దాల మేడల మధ్యకు వెళ్లి ఏదో ఒక తలుపు దగ్గర ఇలాగే ఆగిపోతున్నారు. గనుక ఈ నెల ఆ మాటే వ్రాస్తున్నాము.

తండ్రి అడిగిన మొదటి ప్రశ్నకు ముందు జవాబు చెప్పాలి. “ఇది దేవుని శోధించడం కాదా?” అని ఆయన అడిగాడు. దేవాలయ శిఖరం మీదనుండి దూకుమని అపవాది ప్రభువును పురికొల్పిన సంగతి ఆయన మనసులో ఉన్నది. అయితే అక్కడ అడిగింది ఏ సాధనమూ లేకుండా దూకి, దేవుడు పట్టుకుంటాడో లేదో చూడుమని. ఇక్కడ సంగతి వేరు. మొదటిసారి దూకేవారిని సాధారణంగా ఒంటరిగా దూకనివ్వరు. అనుభవజ్ఞుడైన శిక్షకుని ముందు భాగంలో బలమైన పట్టీలతో నాలుగు చోట్ల కట్టి దింపుతారు. ఒక పారాచూట్‌కు తోడు మరొకటి ఉంటుంది. ఏ కారణం చేతనైనా తక్కువ ఎత్తులో కూడా వేగం తగ్గకపోతే ఆ రెండవదానిని తనంతట తానే తెరిచే పరికరమొకటి ఉంటుంది.

అంత మాత్రాన అపాయం లేదని మేము అనము. ఎంత జాగ్రత్తపడినా కొంత అపాయం మిగిలే ఉంటుంది. గుండె జబ్బు, నడుము నొప్పి ఉన్నవారు, భుజం కీలు తప్పినవారు, గర్భిణులు దీని జోలికి పోరాదు. దూకకపోతే భక్తి పెరగదు, దూకితే తరగదు. ఇది పాపమా కాదా అనే తగవు కాదు. తెలిసి, సిద్ధపడి, పెద్దలతో చెప్పి చేస్తున్నామా అన్నదే చూడవలసినది.

ఇక అమ్మాయి ప్రశ్న. “నాకే ఎందుకు ఇంత భయం?” ఆమెకు మేము చెప్పిన మాట ఇది: భయం నీ ఒక్కదానిదే కాదు, అది విశ్వాస లోపమూ కాదు. పొలంగట్టున కాలి ప్రక్కన పాము కదిలితే మనం ఆలోచించకముందే ఒళ్లు జలదరించి వెనుకకు గెంతుతాము. మూత్రపిండాల మీద ఉన్న చిన్న గ్రంథులు అడ్రినలిన్ అనే ద్రవాన్ని రక్తంలోకి వదులుతాయి. గుండె వేగిరపడుతుంది, అరచేతులు చెమర్చుతాయి, నోరు ఎండుతుంది. ప్రాణం కాపాడుకొనేందుకు సృష్టికర్త శరీరంలో ఉంచిన ఏర్పాటు అది. చిక్కేమిటంటే, పాము ఎదురైనా, నలుగురి ఎదుట మాట్లాడవలసి వచ్చినా శరీరం ఒకే విధంగా గంట కొడుతుంది. ఆ గంట విని పారిపోవాలా, నిలవాలా అన్నది మనము నేర్చుకోవలసినది.

ఆస్ట్రియా దేశస్థుడైన ఫెలిక్స్ బామ్‌గార్ట్‌నర్ సంగతి చూడండి. 2012 అక్టోబరు 14న ఆయన దాదాపు 39 కిలోమీటర్ల ఎత్తునుండి దూకి, ధ్వనికంటె వేగంగా పడి, క్షేమంగా నేలమీద నిలిచాడు. లోకమంతా టీవీలలో చూచింది. అయితే అంతకుముందు ఆయన ఆ ప్రయత్నం మధ్యలో వదలి కొంతకాలం వెళ్లిపోయాడని ఎంతమందికి తెలుసు? ఆయనకు ఎత్తంటే భయం లేదు. ఒళ్లంతా బిగించే ఆ ప్రత్యేకమైన దుస్తులు తొడుక్కొని తలకు కవచం మూయగానే ఊపిరి సలపనట్లు గాభరా పుట్టేది. తరువాత ఒక మనోవైజ్ఞానికుని సహాయం తీసుకొని, ఆ దుస్తులలో ఉండడం క్రమక్రమంగా అలవాటు చేసుకొన్నాడు. అంతటి సాహసికి కూడా మందలింపు వలన భయం పోలేదు, కొంచెం కొంచెం అలవాటు వలన తగ్గింది. ఆయన 2025లో పారాగ్లైడింగ్ ప్రమాదంలో మరణించాడు. ఆకాశం ఎంతటి నేర్పరికైనా లోబడి ఉండదని దీనివలన గుర్తుంచుకోవాలి.

ఆ ఎత్తును రెండేళ్ల తరువాత దాటినవాడు ఒక కంప్యూటరు శాస్త్రవేత్త. గూగుల్ కంపెనీలో పెద్ద అధికారిగా ఉన్న అలన్ యూస్టస్ 2014 అక్టోబరు 24న, 57 ఏళ్ల వయసులో, 41 కిలోమీటర్లకు పైనుండి దూకాడు. ఆ కొద్ది నిమిషాల వెనుక దాదాపు మూడేళ్ల సిద్ధపాటు ఉన్నది. మన దేశంలో చూస్తే రేచల్ థామస్ గారు 1979లో స్కైడైవింగ్ మొదలుపెట్టిన తొలి భారతీయ మహిళ. 2002లో ఉత్తర ధ్రువం మీద 7,000 అడుగుల ఎత్తునుండి దూకారు. 2005లో పద్మశ్రీ అందుకొన్నారు. ఆమె రైల్వేలో ఉద్యోగం చేసినవారు, బిడ్డల తల్లి కూడా.

మొదటిసారి నిలువవలసి వచ్చిన చోట భయాన్ని ఎలా ఎదుర్కోవాలో, ఆ అమ్మాయితో కలసి మేము నేర్చుకొన్న సంగతులు క్రింద చెబుతున్నాము.

మొదటిది, తెలుసుకోవడం. తెలియని చోటనే భయం పెద్దదవుతుంది. దూకగానే బావిలో రాయి పడినట్లు పడిపోతామని ఆమె అనుకొన్నది. కళ్లంలో ధాన్యం తూర్పారబట్టడం మీరు చూచినదే. గింజ నేరుగా పడుతుంది, పొట్టును గాలి ఆపుతుంది. పడే మనిషిని కూడా గాలి కొంతవరకు ఆపుతుంది. బోర్లా చేతులు చాచి పడేవాని వేగం గంటకు దాదాపు 200 కిలోమీటర్లకు చేరి, అంతకు మించి పెరగక నిలిచిపోతుంది. పది వేల అడుగుల పైనుండి దూకితే అర నిమిషము మొదలు నిమిషము వరకు ఇలా పడతారు. సుమారు 5,000 అడుగుల దగ్గర పారాచూట్ తెరుస్తారు. ఆపైన కొన్ని నిమిషాలు మెల్లగా దిగుతారు. గండిపేటలోని గదిలో ఫ్యానులు ఆ గాలినే క్రిందినుండి పంపుతాయి, క్రింద గట్టి వల ఉంటుంది. ఇది వివరంగా తెలిసిన తరువాత ఆమె ముఖంలో సగం కలవరం తగ్గింది.

రెండవది, ఊపిరి. భయపడినవారు తెలియకుండానే ఊపిరి బిగబట్టుతారు. అంత గాలిలో ఊపిరి ఆడదేమో అనుకుంటారు, కాని చక్కగా ఆడుతుంది. మెల్లగా పీల్చి, అంతకంటె మెల్లగా వదలడం ఇంటి దగ్గరనే రోజూ సాధన చేయాలి. వదిలే ఊపిరి పొడుగైతే గుండె దడ కొంత నెమ్మదిస్తుంది.

మూడవది, మనసుకు ఒక్క పని అప్పగించడం. “ఏమవుతుందో” అనే ఆలోచనకు అంతు లేదు. “గడ్డం పైకి, నడుము ముందుకు” అన్నది చేయగల పని. ఆ గదిలో హోరువలన మాటలు వినబడవు గనుక శిక్షకుడు చేతితో సైగలు చేస్తాడు. రెండు వేళ్లు చాచితే కాళ్లు చాచాలి, వంచితే కాళ్లు వంచాలి. ఆ సైగలమీద కన్ను నిలిపినవారికి భయపడే తీరిక తక్కువ. మీటింగులో కూడా అంతే. అందరి ముఖాలు చూడక, చెప్పవలసిన మొదటి వాక్యం కాగితం మీద వ్రాసుకొని అది చదివేస్తే చాలు.

నాలుగవది, వెనుకకు రావడానికి సిగ్గుపడరాదు. “ఈ రోజు వద్దు” అనే హక్కు తలుపు దాకా ఉన్నది. నలుగురు నవ్వుతారని దూకడం ధైర్యం కాదు, అది ఇంకొక రకం భయం. బల్లమీదకు తిరిగి వచ్చి కూర్చున్నందుకు ఆమె పిరికిది కాదు.

ఇవన్నీ ఆమెతో మాట్లాడిన తరువాత తండ్రికి ఫోను చేశాము. “మీరొకసారి వచ్చి కళ్లారా చూడండి” అన్నాము. ఆయన పంట పనులు చూసుకొని నెల తరువాత వచ్చాడు. సికింద్రాబాదులో రైలు దిగిన ఆయనను అమ్మాయి మెట్రోలో హైటెక్ సిటీకి తీసుకొని బయలుదేరింది. స్టేషనులో కదిలే మెట్ల ముందు ఆయన కాళ్లు ఆగిపోయాయి. చేతిసంచి గుండెలకు హత్తుకొని, “నేను మామూలు మెట్లు ఎక్కుతానమ్మా” అన్నాడు. వెనుకనుండి జనం తోసుకొని పోతున్నారు. అమ్మాయి నవ్వలేదు. ప్రక్కకు తీసుకొని, “నాన్నా, కాళ్లవైపు చూడకు. ఆ పసుపు గీత దాటి ఒక్క అడుగు వెయ్యి, చెయ్యి నేను పట్టుకుంటాను” అన్నది. రెండుసార్లు వెనుకకు తగ్గి మూడవసారి అడుగు వేశాడు. పైకి చేరాక, “ఇంతేనా?” అన్నాడట.

ఆ సాయంత్రం గండిపేటలో అద్దం ఇవతల ఆయన ప్రక్కన మేము నిలబడి ఉన్నాము. లోపల అమ్మాయి మళ్లీ తలుపు చట్రం పట్టుకొన్నది. ఆయన పెదవులు కదులుతున్నాయి, ప్రార్థనో ఏమో మేము అడగలేదు. ఆమె తండ్రివైపు ఒకసారి చూచింది. గడ్డం పైకెత్తింది. చేతులు వదిలి గాలిలోకి ఒరిగింది. మొదట అటూ ఇటూ ఊగి, గోడకు తగిలి, శిక్షకుని చేతి ఆసరాతో నిలకడగా తేలింది. ఒక్క నిమిషం. బయటికి వచ్చినప్పుడు కూడా చేతులు వణుకుతూనే ఉన్నాయి. “భయం పోలేదు నాన్నా, అది ఉండగానే చేశాను” అన్నది.

విమానంలోనుండి దూకడం సంగతి ఏమైందని మీరు అడుగుతారు. హర్యానాలోని నార్నౌల్ వంటి చోట అనుమతి పొందిన శిక్షకులతో అలా దూకేవారున్నారు. ఆమె ఇంకా నిర్ణయించుకోలేదు. తండ్రి “వద్దు” అనడం మాని, “ఎప్పుడో ముందు చెప్పు, నేను కూడా వస్తాను” అంటున్నాడు. తల్లి మాత్రం ఇంకా ఒప్పుకోలేదు. అయితే క్రిందటి నెల ఆఫీసు మీటింగులో కాగితం చూచి నాలుగు వాక్యాలు మాట్లాడానని అమ్మాయి మాతో చెప్పింది.

తల్లిదండ్రులారా, మీ ఇంట ఎవరైనా ఏదో ఒక తలుపు దగ్గర ఆగి ఉంటే వెనుకనుండి తోయకండి, నవ్వకండి. ప్రక్కన నిలిచి చెయ్యి పట్టుకోండి. వారు అడుగు వేసేంత వరకు ఆగండి.