ఆకు పసుపెక్కితే అప్పులు రావు

పక్కింటి గోడ మీంచి చెప్పకుండా తుంచుకొచ్చిన మనీప్లాంటే కలిసొస్తుందని మన ఇళ్లలో గట్టి నమ్మకం. అడిగి తెచ్చుకుంటే ఫలితం ఉండదట. అడిగినా ఇవ్వకూడదట, ఇస్తే మన లక్ష్మి వాళ్లింటికి పోతుందట. కుండీ ఆగ్నేయంలోనే ఉండాలి, తీగ నేలను తాకకూడదు, ఆకు ఎండితే చేతిలో డబ్బు నిలవదు. ఇదంతా వాస్తు పేరుతో చెలామణి అవుతోంది.

ఏ వాస్తు? ఈ తీగ పుట్టిల్లు పసిఫిక్ మహాసముద్రంలో, ఫ్రెంచ్ పాలినీషియాలోని మూరియా దీవి. వృక్షశాస్త్రం దీనికి పేరు పెట్టిందే 1880లో. వాస్తు గ్రంథాలైన మయమతం, మానసారం అంతకు ఎన్నో వందల ఏళ్ల ముందటివి. ఆ గ్రంథాలు రాసినవాళ్లు కంటితో చూడని మొక్కకు దిక్కెలా చెప్పారు? మొక్కకు కావలసింది వెలుతురు. ఎండ నేరుగా పడని కిటికీ పక్క ఏ దిక్కైనా దానికి సరిపోతుంది. చీకటి మూలన పెడితే ఆకుల మీది పసుపు చారలు కూడా మాసిపోతాయి.

దొంగతనం సంగతీ అంతే. తెచ్చిన ముక్కకు కణుపు ఉంటే వేరు వస్తుంది. కణుపు లేని ఒట్టి ఆకును నీళ్లలో ఎన్నాళ్లు ఉంచినా తీగ సాగదు. ఈ మొక్క పూయడం బహు అరుదు. పూతకు అవసరమైన జిబ్బరెల్లిన్ హార్మోను తయారీలో జన్యులోపం ఉందని 2016లో ఒక పరిశోధన తేల్చింది. గింజ లేని ఈ తీగ ప్రపంచమంతా పాకిందంటే, ఒకరు కోసి ఇంకొకరికి ఇవ్వడం వల్లే. ఇవ్వడం అరిష్టమని పిల్లలకు నేర్పడం, దొంగిలిస్తే మేలని నేర్పడం నాకు మింగుడుపడదు.

అన్నిటికన్నా నన్ను బాధించేది ఆకు పసుపెక్కినప్పుడు ఇంట్లో వినిపించే మాట. "ఈ పిల్ల కాలు పెట్టాకే తీగ వాడింది" అంటారు. నిజానికి చాలాసార్లు జరిగేది నీళ్లు ఎక్కువ కావడం. మట్టి ఎప్పుడూ తడిగా ఉంటే వేళ్లకు గాలి అందదు, కుళ్లుతాయి, ఆకులు పసుపెక్కుతాయి. కుండీ అడుగున చిల్లు ఉందో లేదో చూడాలి, వేలు పెట్టి పైమట్టి ఆరిందని తేలాకే నీళ్లు పోయాలి. అంతమాత్రానికి కోడలి మొహం చూడటమెందుకు?

ఈ మొక్క వల్ల భయపడాల్సినవి వేరే ఉన్నాయి. కందలో దురద పుట్టించే కాల్షియం ఆక్సలేట్ సూదులే దీని ఆకుల్లోనూ ఉంటాయి. పసిపిల్ల నమిలితే నోరు మండి వాస్తుంది. ఇక ఈ తీగను నీళ్ల సీసాలో పెంచితే, డెంగీని మోసే ఏడిస్ దోమకు అందులో కదలకుండా నిలిచిన తేటనీళ్లు చాలు, వారం పది రోజుల్లో గుడ్డు దోమై ఎగురుతుంది. శుక్రవారం నిల్వ నీళ్లు పారబోసి 'డ్రై డే' పాటించమని ఆరోగ్య సిబ్బంది గడప గడపకూ వచ్చి చెబుతున్నది ఇందుకే. నీళ్లు మార్చడంతో సరిపోదు. ఆ గుడ్లు సీసా లోపలి అంచుకు అంటుకుని, తడి లేకపోయినా నెలల తరబడి బతుకుతాయి. వారానికొకసారి తీగ బయటికి తీసి, సీసా లోపలంతా బ్రష్‌తో రుద్ది కడగాలి.