అప్పజెప్పే చదువు

వైద్యుడు కావాలన్న ఆకాంక్ష ఉత్తమమైనది. ఆ ఆకాంక్ష నెరవేరే మార్గం మాత్రం ఇరుకైనది. వైద్యవిద్యా ప్రవేశపరీక్ష నీట్‌ను 2025లో దేశవ్యాప్తంగా 22 లక్షలకు పైగా విద్యార్థులు వ్రాశారు. అప్పటికి ఎం.బి.బి.ఎస్. సీట్లు లక్షా ఇరవై వేల దరిదాపుల్లో ఉండేవి. ఈ లెక్కను చూచి తల్లిదండ్రులు, అధ్యాపకులు, విద్యార్థులు అందరూ ఒకే నిర్ణయానికి వస్తున్నారు: ఎక్కువ గంటలు చదవాలి. తెల్లవారుజామున మొదలై రాత్రి పొద్దుపోయేదాకా సాగే స్టడీ అవర్లు ఈ నిర్ణయం నుండి పుట్టినవే. ఎన్ని గంటలు కూర్చున్నారో లెక్కించడం సులభం; ఎంత మనస్సులో నిలిచిందో లెక్కించడం కష్టం. మనం సులభమైన లెక్కనే పట్టుకొన్నాం. దాని భారాన్ని మోస్తున్నవారు పదహారు, పదిహేడేళ్ళ పిల్లలు.

చదివిన పాఠాన్నే మళ్ళీ మళ్ళీ చదవడం మన విద్యార్థుల్లో చాలామందికి అలవాటు. రెండవసారి చదివేటప్పుడు వాక్యాలు పరిచితంగా తోస్తాయి. ఆ పరిచయాన్నే వారు జ్ఞానమని భ్రమిస్తారు. పుస్తకం మూసిన తరువాత పాఠంలోని అంశాలు క్రమంగా చెప్పమంటే నోట మాట రాదు. జర్మన్ మనోవిజ్ఞానవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ తన మీద తానే ప్రయోగాలు చేసికొని, నేర్చినది మొదట్లో వేగంగాను, తరువాత నెమ్మదిగాను మరుపున పడుతుందని 1885లో ప్రకటించాడు. 2006లో అమెరికాకు చెందిన రోడిగర్, కార్పికీ అనే పరిశోధకులు మరొక సంగతి నిరూపించారు. ఒక వ్యాసాన్ని మళ్ళీ చదివినవారు అయిదు నిమిషాల తరువాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. వారం తరువాత పెట్టిన పరీక్షలో, చూడకుండా గుర్తుచేసికొని వ్రాసినవారు వారిని మించిపోయారు. నీట్ అయిదు నిమిషాల తరువాత వచ్చే పరీక్ష కాదు. రెండేళ్ళ చదువును ఒక్క పూటలో అడిగే పరీక్ష.

ఈ సత్యం మన సంప్రదాయానికి కొత్త కాదు. వీధిబడుల కాలంలో పాఠం చదివితే చాలదు, గురువు ఎదుట అప్పజెప్పాలి. అప్పజెప్పడమంటే చూడకుండా చెప్పడం. తడబడినచోట ఆగి, సరిదిద్దుకొని, మళ్ళీ చెప్పడం. అవధాన విద్యకు ప్రాణమైన ధారణ కూడ ఇటువంటిదే. అష్టావధానంలో అవధాని ఒక పృచ్ఛకునికి పద్యపాదం చెప్పి, మరొకరి వద్దకు పోయి, తిరిగి మొదటివాని వద్దకు వచ్చి రెండవ పాదం అందుకొంటాడు. మధ్య అప్రస్తుత ప్రసంగం అడ్డుతగులుతూనే ఉంటుంది. చివరకు పద్యాలన్నింటినీ చూడకుండా అప్పజెబుతాడు. విడిచిన విషయాన్ని మళ్ళీ అందుకోవడమే ఆ సాధనలోని కీలకం.

అయితే వల్లె వేయడమూ అప్పజెప్పడమూ ఒకటేనా? కావు. అర్థం తెలియకుండా వల్లె వేసినది ప్రశ్న కొంచెం మారగానే చేజారుతుంది. ఉదాహరణకు, విసర్జక వ్యవస్థ పాఠం చదివిన విద్యార్థి పుస్తకం మూసి, తెల్లకాగితం మీద నెఫ్రాన్ బొమ్మను గీయాలి. బౌమన్ గుళిక మొదలు సంగ్రహణ నాళం వరకు భాగాలు గుర్తించాలి. హెన్లీ శిక్యపు అవరోహనాళం నీటిని పోనిచ్చి, ఆరోహనాళం ఎందుకు పోనీయదో, దాని వలన ప్రయోజనమేమో తన మాటల్లో వ్రాయాలి. పిదప పుస్తకం తెరచి, విడిచినవాటిని ఎర్రసిరాతో పూరించాలి. ఆ ఎర్రని గుర్తులే మరునాటి పాఠం. మరునాడు, నాలుగవ నాడు, వారానికి, నెలకు ఇట్లే అప్పజెబితే మరుపు వెనుకకు తగ్గుతుంది. తోటి విద్యార్థికి వివరించి చెప్పినా ఇదే ఫలితం.

పరీక్ష స్వరూపాన్ని గ్రహించడం కూడ చదువులో భాగమే. 2025 నాటి పద్ధతిలో 180 ప్రశ్నలకు 180 నిమిషాలు. భౌతిక, రసాయన శాస్త్రాలకు 45 చొప్పున, జీవశాస్త్రానికి 90. సరైన జవాబుకు 4 మార్కులు, తప్పుకు 1 మార్కు కోత. జీవశాస్త్రంలోని 90 ప్రశ్నలను 50 నిమిషాలలో ముగించగలవానికి మిగిలిన 90 ప్రశ్నలకు 130 నిమిషాలు దక్కుతాయి. అంటే జీవశాస్త్రంలో గట్టి ధారణ భౌతికశాస్త్ర లెక్కలకు వ్యవధి ఇస్తుంది. తెలిసిన ప్రశ్నను తొందరపడి తప్పు చేస్తే పోయేది ఒక మార్కు కాదు, అయిదు మార్కుల తేడా. కనుక ప్రతి నమూనా పరీక్ష తరువాత మార్కులు చూచుకొని సంతోషించడమో, దుఃఖించడమో కాక, తప్పులను మూడుగా విడదీయాలి: తెలియక చేసినవి, ప్రశ్న సరిగా చదవక చేసినవి, లెక్క తప్పినవి. మూడింటికీ మందు వేరు. మరిన్ని గంటలు చదవడం మొదటిదానికే కొంత పనికివస్తుంది.

"పోటీ ఇంత తీవ్రంగా ఉండగా నిద్రపోతే ఎట్లా?" అని పెద్దలు ప్రశ్నించవచ్చు. శ్రమ అవసరమే, ఆ మాట ఎవరూ కాదనరు. కాని నిద్ర చదువుకు విఘ్నం కాదు. పగలు నేర్చినది మెదడులో స్థిరపడేది నిద్రలోనే. రాత్రి రెండు గంటల నిద్రను దొంగిలించి చదివినది మరునాటి తరగతిలో కునికిపాట్లుగా తిరిగివస్తుంది. అంతకంటె పెద్ద నష్టం మరొకటి ఉంది. పద్నాలుగు గంటలు కూర్చుని కూడ గుర్తులేని విద్యార్థి, లోపం తన పద్ధతిలో ఉన్నదనుకోడు. తన బుద్ధిలోనే ఉన్నదనుకొంటాడు. ఆ నిరాశ ఎంతదూరం తీసికొనిపోతుందో మన రెండు తెలుగు రాష్ట్రాలకు తెలియనిది కాదు. కనుక కళాశాలలు స్టడీ అవర్లలో కొంత భాగాన్నైనా పుస్తకం మూసి అప్పజెప్పుకొనే వేళగా మార్చడం మంచిది.

విద్యార్థులారా! సీటు రానివారే ఎక్కువమంది అన్నది లెక్క చెప్పే నిజం. వారు అసమర్థులు కారు. పశువైద్యం, వ్యవసాయం, ఫార్మసీ, ఫిజియోథెరపీ, పరిశోధన, ఏ దారిలో నడచినా ఈ అభ్యాసం వెంట వస్తుంది. సీటు పొందినవారికి దీని అవసరం మరింత ఎక్కువ. అర్ధరాత్రి ఊపిరాడని రోగిని తెచ్చి ముందుంచినప్పుడు వైద్యునికి పుటలు తిరగవేసే తీరిక ఉండదు. అప్పుడు చేతికి అందేది ఎన్నిసార్లు చదివినది కాదు, చూడకుండా చెప్పగలిగినది.